ఇంట్లో పిల్లికి నెబులైజర్ పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పిల్లులను పెంచే బంధువులూ ఇరుగుపొరుగువారూ ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాటేవరకు నన్ను ఇవే సందేహాలు అడుగుతుంటారు. మా పిల్లి బుజ్జికి పసితనంలో పట్టిన రొంప పూర్తిగా వదలకపోవడంతో, మూడు చలికాలాలుగా పశువైద్యుల సలహా మీద ఇంట్లోనే నెబులైజర్ పెడుతున్నాను. నేను వైద్యురాలిని కాను. వారు నేర్పినదీ, రోజూ చేస్తూ నేను తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. మందు పేరునూ మోతాదునూ నిర్ణయించవలసింది మాత్రం మీ పిల్లిని స్వయంగా పరీక్షించిన వైద్యులే. ఎవరికి ఏ ప్రశ్న అవసరమైతే అక్కడికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నెబులైజర్ అంటే ఆవిరి పట్టడమే కదా? వేడినీళ్ల గిన్నె దగ్గర కూర్చోబెడితే సరిపోదా?

రెండూ వేరు. ఆవిరి కాగిన నీటి నుంచి వచ్చే వేడి తేమ. అది ముక్కు, గొంతు వరకు వెళ్లి అక్కడే చల్లబడి నీరైపోతుంది. నెబులైజర్ నీటిని కాచదు. సెలైన్‌నో (శుద్ధి చేసిన ఉప్పునీరు) మందునో సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బిందువులుగా చీల్చి, చల్లని పొగమంచులా పంపుతుంది. అంత సన్నని బిందువులు మాత్రమే ఊపిరితిత్తుల లోపలి చిన్న గొట్టాల దాకా చేరగలవు. వేడినీళ్ల గిన్నెను పిల్లి దగ్గర ఎప్పుడూ పెట్టకండి; బెదిరి ఒక్క గెంతు గెంతితే ఒళ్లు కాలుతుంది. చలికాలంలో స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి, ఆ తేమలో పిల్లితోపాటు ఐదారు నిమిషాలు మీరూ కూర్చుంటే ముక్కు దిబ్బడ కొంత వదులుతుంది. మన రోహిణీ కార్తె ఎండల్లో మాత్రం ఆ పని చేయకూడదు. పిల్లికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు; ముఖం చదునుగా ఉండే పర్షియన్ పిల్లులైతే వేడి తేమలో చాలా త్వరగా వడదెబ్బకు లోనవుతాయి.

మా పిల్లి రెండు రోజులుగా తుమ్ముతోంది. యంత్రం ఇంట్లోనే ఉంది, ఈ రాత్రి నుంచే మొదలుపెట్టవచ్చా?

ముందు వైద్యులకు చూపించండి. తుమ్ములు, చీమిడి, కళ్ల పుసులు కలిసి కనిపిస్తే అది ఎక్కువగా హెర్పిస్ వైరస్ లేదా కాలిసి వైరస్ వల్ల వచ్చే రొంప అయి ఉంటుంది. వాటిపై బ్యాక్టీరియా కూడా చేరవచ్చు. అటువంటప్పుడు సెలైన్ పొగమంచు చీమిడిని పలచబరచి బయటకు రావడానికి సాయపడుతుంది. ఆయాసానికి కారణం గుండెజబ్బో, ఛాతీలో నీరు చేరడమో అయితే నెబులైజర్ వల్ల ఏ ప్రయోజనమూ ఉండదు, పైగా విలువైన సమయం పోతుంది. ఆ తేడాను స్టెతస్కోపు, ఎక్స్‌రే చెప్పాలే గాని మన కంటికి తెలియదు.

ఛాతీ మీద చెయ్యి వేస్తే గురగురలాడుతోంది. అది జబ్బా, లేక ముద్దు చేస్తున్నామని అంటున్నదా?

మనుషుల ఛాతీలో ఈలలాంటి చప్పుడు వస్తే మనం పిల్లికూతలు అంటాం. అసలు పిల్లి దగ్గరికి వచ్చేసరికి ఆ చప్పుడును గుర్తుపట్టడమే కష్టమవుతుంది. పిల్లి సంతోషంగా ఉన్నప్పుడు చేసే గురగుర ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ ఎడతెగకుండా సాగుతుంది. జబ్బు చప్పుడు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు ఈలలా, ముక్కులోనైతే బుడగలు చిట్లినట్లు వినిపిస్తుంది. అయితే పిల్లులు నొప్పిలోనూ భయంలోనూ కూడా గురగురలాడతాయి కాబట్టి చప్పుడు ఒక్కదానినే నమ్మకండి.

నమ్మదగిన కొలత నిద్రలో ఊపిరి లెక్క. గాఢంగా నిద్రపోతున్నప్పుడు డొక్క ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. అర నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి నిమిషానికి 30 లోపే ఉంటుంది. పిల్లి బాగున్న రోజుల్లోనే ఈ లెక్కను నాలుగైదుసార్లు రాసి పెట్టుకోండి, ఎందుకంటే జబ్బు చేసిన రోజున దేనితో పోల్చుకోవాలో మీకు తెలిసి ఉండాలి. ఇంట్లో వైద్యం చేసేవారికి యంత్రంకంటే ఈ లెక్క ఎక్కువ అవసరమని నా గట్టి అభిప్రాయం.

వెంట్రుకల ఉండ కక్కబోతున్నదనుకున్నాం, ఏమీ రాలేదు. అది దగ్గేనా?

కావచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లి నేలకు ఆనుకొని కూర్చుని, మెడ ముందుకు చాచి, వరుసగా దగ్గి చివర ఒకసారి మింగినట్లు చేస్తుంది. బయటకు ఏమీ పడదు. వెంట్రుకల ఉండకైతే పొట్ట లోపలి నుంచి ఎగదన్నుతుంది, చివరకు ఏదో ఒకటి బయట పడుతుంది. ఈ తేడాను మాటల్లో చెప్పడంకంటే ఫోన్లో వీడియో తీసి వైద్యులకు చూపించడం మేలు, ఎందుకంటే ఆసుపత్రి బల్ల మీద పిల్లి సాధారణంగా దగ్గదు.

నెబులైజర్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసింది ఎప్పుడు?

నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, చిగుళ్లూ నాలుకా పాలిపోయి లేదా నీలంగా కనిపిస్తున్నా, మోచేతులు ఎడంగా పెట్టి మెడ చాచి కదలకుండా కూర్చున్నా, వెనుక కాళ్లు హఠాత్తుగా చచ్చుబడినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకండి. కుక్కకు రొప్పడం మామూలే గాని, పిల్లి రొప్పడం మామూలు విషయం కాదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఊపిరి నిమిషానికి 40 దాటితే ఆ రోజే చూపించాలి. అటువంటి సమయంలో బలవంతాన మాస్కు పెట్టి పెనుగులాడితే, ఆ పెనుగులాటే ప్రాణం మీదికి తెస్తుంది.

నెబులైజర్ పెడితే ఆక్సిజన్ అందుతుందా?

అందదు. యంత్రంలోని కంప్రెసర్ గదిలోని గాలినే నొక్కి పంపుతుంది, కొత్తగా ఆక్సిజన్ తయారు చేయదు. 2021లో కోవిడ్ రెండో దశ నడుస్తున్నప్పుడు ఆక్సిజన్ సిలిండరుకు బదులు నెబులైజర్ చాలునన్న వీడియో ఒకటి విస్తృతంగా తిరిగింది. వైద్యులు దానిని అప్పుడే ఖండించారు. ఆ నమ్మకం మన ఇళ్లలో ఇంకా మిగిలి ఉన్నందువల్లే ఈ ప్రశ్నకు ఇక్కడ చోటిచ్చాను.

మా ఊరి పశువుల ఆసుపత్రిలో గేదెలనూ గొర్రెలనూ చూసినంతగా పిల్లులను చూడరు. ఎక్కడికి వెళ్లాలి?

ముందు దగ్గరలోని ఆసుపత్రికే వెళ్లండి. జ్వరం, నీరసం, ఛాతీ చప్పుడు చూడగల వైద్యులు అక్కడా ఉంటారు. ఎక్స్‌రే, నిపుణుల పరీక్ష అవసరమైతే నెల్లూరు వారికి తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఆసుపత్రి సుమారు 130 కిలోమీటర్లు, చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల సుమారు 175 కిలోమీటర్లు. ఒంగోలు వైపు వారికి గన్నవరం కళాశాల అనుకూలం. ఊపిరి ఇబ్బంది ఉన్న పిల్లిని మిట్టమధ్యాహ్నం బస్సులో తీసుకువెళ్లవద్దు. తెల్లవారుజామున బయలుదేరండి, అవకాశముంటే ఏసీ కారులో వెళ్లండి.

## యంత్రం, సెలైన్, మందులు

మా పాప కోసం కొన్న నెబులైజరే పిల్లికీ పనికొస్తుందా?

మోటారు అదే వాడుకోవచ్చు గాని మందు కప్పు, గొట్టం, మాస్కు పిల్లికి వేరుగా ఉండాలి. మార్కెట్లో మూడు రకాలు దొరుకుతాయి. కంప్రెసర్ రకం చప్పుడు చేస్తుంది, కాని గట్టిది, అన్ని మందులకూ పనికొస్తుంది. మెష్ రకం దాదాపు నిశ్శబ్దంగా బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి బెదురు పిల్లులకు మంచిది. కాని దాని జల్లెడ రంధ్రాలు త్వరగా పూడుకుపోతాయి. అల్ట్రాసోనిక్ రకంలో బుడెసొనైడ్ వంటి పాలలాంటి మందులు సరిగా పొగమంచుగా మారవు. గది తేమ కోసం అమ్మే హ్యుమిడిఫయర్ వీటికి ప్రత్యామ్నాయం కాదు.

మందుల షాపులో సెలైన్ అని అడిగితే చాలా?

చాలదు. 0.9 శాతం సోడియం క్లోరైడ్ అని సీసా మీద ఉన్నదో లేదో మీరే చదవండి. మొదటి చలికాలంలో ఒక షాపువారు ఇచ్చినది 3 శాతం సెలైన్ అని చూసుకోకుండా నేను బుజ్జికి పెట్టాను. రెండో నిమిషంలోనే దానికి తెరలు తెరలుగా దగ్గు వచ్చింది. వెంటనే ఆపి వైద్యులకు ఫోన్ చేస్తే, గాఢమైన ఉప్పునీరు ఊపిరి గొట్టాలను బిగదీయగలదని వారు చెప్పారు. ఆ రాత్రి దాని పక్కనే కూర్చుని తెల్లవార్లూ ఊపిరి లెక్కపెట్టాను. అప్పటి నుంచి ప్రతి సీసా మీది అంకెను పైకి చదివాకే మూత తీస్తున్నాను. ముక్కు దిబ్బడకు మనుషులు వేసుకునే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలను సెలైన్ అనుకొని కప్పులో పోయకండి. అవి పిల్లికి విషంతో సమానం.

ఇంట్లో ఉప్పు కలిపి కాచిన నీళ్లు వాడకూడదా? సీసా తెరిచాక ఎన్ని రోజులు ఉంచవచ్చు?

ఇంట్లో కలిపిన నీళ్లు వాడకూడదు. పాళ్లు కుదరకపోవడం ఒక సమస్య అయితే, ఆ నీటిలో మిగిలిన సూక్ష్మజీవులు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం అంతకంటే పెద్ద సమస్య. కుళాయి నీళ్లకూ క్యాను నీళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఒకసారికి సరిపడే చిన్న ప్లాస్టిక్ రెస్ప్యూళ్లు దొరికితే అవే ఉత్తమం. 100 మిల్లీలీటర్ల సీసా అయితే రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి, ప్రతిసారీ కొత్త సిరంజితో తీసుకొని, సీసాను ఫ్రిజ్‌లో ఉంచి, 24 గంటలు దాటాక మిగిలినది పారబోయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సెలైన్ గది వేడికి వచ్చాకే కప్పులో పోయాలి.

పాపకు రాసిన ఆయాసం మందు కొంచెం మిగిలింది. అందులో సగం పోయవచ్చా?

పోయకండి. పిల్లలకు రాసే రెస్ప్యూళ్లలో సాధారణంగా లెవోసాల్బుటమాల్ లేదా బుడెసొనైడ్ ఉంటాయి. పశువైద్యులు పిల్లులకూ వీటిని వాడతారు, అయితే కారణం తేల్చుకొని, మోతాదు లెక్కగట్టి వాడతారు. సాల్బుటమాల్ జాతి మందులు గుండె వేగాన్ని పెంచుతాయి. బయటికి కనిపించని గుండెజబ్బు ఉన్న పిల్లికి అది ప్రమాదం. బుడెసొనైడ్ స్టెరాయిడ్, అంటురోగం ముదిరి ఉన్నప్పుడో, మధుమేహం ఉన్నప్పుడో తెలియక వాడితే కీడు చేస్తుంది. సందర్భం వచ్చింది కాబట్టి మరో మాట చెప్పాలి: జ్వరంగా ఉందని పారాసిటమాల్ ఇవ్వకండి. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

కర్పూరం, నీలగిరి తైలం, వాము, ఛాతీకి రాసే బామ్ — వీటిలో ఏదైనా ఒక చుక్క కలిపితే?

ఒక్క చుక్క కూడా వద్దు. మన కాలేయం విరిచి బయటకు పంపగలిగే చాలా సుగంధ తైలాలను పిల్లి కాలేయం విరవలేదు. అందుకు కావలసిన ఎంజైమ్ శక్తి దానికి చాలా తక్కువ. పొగమంచుగా పంపితే తైలం ఊపిరితిత్తులకే కాక బొచ్చు మీదా చేరుతుంది, పిల్లి దానిని నాకి మింగుతుంది కూడా. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. పసిబిడ్డకు పనికొచ్చినది పిల్లికి విషమవుతుందని మెల్లగా వివరించండి.

నెబులైజర్ బాగా పనిచేస్తోంది. మాత్రలు ఆపేయవచ్చా?

వైద్యులు ఆపమనేదాకా ఆపకండి. సెలైన్ చీమిడిని వదులు చేస్తుందే గాని సూక్ష్మజీవులను చంపదు, ఉబ్బసంలోని వాపునూ తగ్గించదు.

## పిల్లిని అలవాటు చేయడం

యంత్రం కనబడగానే మంచం కింద దూరుతోంది. ఏం చేయాలి?

తొందరే ఇక్కడ అసలు శత్రువు. పిల్లికి భయం పుడితే ఊపిరి వేగం పెరుగుతుంది, ఊపిరి గొట్టాలు ఉన్న ఇబ్బందికి తోడు మరింత శ్రమపడతాయి, ఆ భయం రేపటికీ మిగులుతుంది. మొదటి రోజు నేను బుజ్జిని తువ్వాల్లో చుట్టి మాస్కు పెట్టబోయాను. అది బీరువా వెనుక దూరి మరునాటి సాయంత్రం వరకు ముద్ద ముట్టలేదు. ఆ తరువాత వైద్యులు చెప్పిన మెట్ల పద్ధతినే పట్టుకున్నాను.

ముందు రెండు రోజులు యంత్రాన్ని ఆపి ఉంచి, అన్నం గిన్నె పక్కనే పెట్టాలి. పిల్లి దానిని వాసన చూసి, చెంపలు రుద్దుకొని, తనదిగా ఒప్పుకునేదాకా ఆగాలి. తరువాత మాస్కును చేతిలో పట్టుకొని, అందులో కాస్త ఉడికిన చేప ముక్క పెట్టి, దానంతట అదే మూతి పెట్టనివ్వాలి. మూడో మెట్టులో మోటారును పక్క గదిలో, మడిచిన బొంత మీద, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పెట్టి అర నిమిషం నడపాలి. ఆ సమయంలోనే దానికి ఇష్టమైన తిండి పెట్టాలి. చప్పుడుకు చెవులు వెనక్కి వాల్చడం మానేశాక దగ్గరికి తేవాలి. చివరగా సెలైన్ పోసి ఒక నిమిషం, మర్నాడు రెండు నిమిషాలు, అలా పెంచుకుంటూ పోవాలి. బుజ్జికి ఇది తొమ్మిది రోజులు పట్టింది. వైద్యం వెంటనే మొదలుపెట్టవలసిన స్థితిలో ఇన్ని రోజులు ఆగలేం కాబట్టి, పిల్లి ఆరోగ్యంగా ఉన్న వేసవిలోనే ఈ అలవాటు చేయించమని రొంప తిరగబెట్టే పిల్లులున్న వారందరినీ కోరుతున్నాను.

మాస్కు మంచిదా, పెట్టెలో పెట్టి పొగమంచు పంపడం మంచిదా?

మందు కలిపినప్పుడు మాస్కే మేలు. పసిపిల్లల మాస్కుల్లో అతి చిన్నది ముక్కునూ నోటినీ కప్పి, కళ్లకు తగలకుండా ఉండాలి. సెలైన్ ఒక్కటే అయితే పెట్టె పద్ధతి సులువు. పిల్లిని ప్రయాణాల పెట్టెలో కూర్చోబెట్టి, తలుపు దగ్గర గొట్టం చివర నిలిపి, పైన పలచని దుప్పటి కప్పండి. దుప్పటిని నాలుగు వైపులా బిగించకూడదు. ఒక పక్కన జానెడు ఖాళీ ఉంటేనే గాలి ఆడుతుంది, పిల్లి ముఖం కూడా మీకు కనబడుతుంది. కోళ్లను మూసినట్లు గంప బోర్లించి గుడ్డ కప్పినవారున్నారు. గంప కింద పిల్లి పెనుగులాడితే గొట్టం మెడకు చుట్టుకోవచ్చు కాబట్టి అది నాకు నచ్చని పద్ధతి.

ఇద్దరం గట్టిగా పట్టుకొని పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది కదా?

ఆ ఐదు నిమిషాల్లో పిల్లి పీల్చిన మందుకంటే పడిన శ్రమే ఎక్కువ ఉంటుంది. పట్టుకోక తప్పనంతగా పెనుగులాడితే ఆ పూటకు ఆపి, వైద్యులను వేరే మార్గం అడగండి.

## పెడుతున్నప్పుడు

రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు పెట్టాలి?

సెలైన్‌కు సాధారణంగా 3 నుంచి 5 మిల్లీలీటర్లు, 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు రెండు లేదా మూడు పూటలు చెబుతారు. మందు విషయంలో చీటీలో రాసినదే ప్రమాణం. భోజనానికి ముందు పెడితే ముక్కు తెరుచుకొని వాసన తెలుస్తుంది, దానితో తిండి మీదికి మనసు పోతుంది. ఊపిరి గొట్టాలను తెరిచే మందూ స్టెరాయిడూ రెండూ రాస్తే, సాధారణంగా మొదటిది ముందు పెట్టి కొద్ది నిమిషాలు ఆగాక రెండోది పెట్టమంటారు. కప్పులో చిటపట శబ్దం వచ్చి పొగమంచు తెగిపోతుంటే మందు అయిపోయినట్లే.

మధ్యలో దగ్గుతోంది, పెదవులు నాకుతోంది. ఆపాలా?

ఒకటి రెండు దగ్గులు, తుమ్ములు వచ్చి చీమిడి బయటపడితే అది మనం కోరుకున్నదే. పెదవులు నాకడం ముఖం మీద తడి తగిలినందువల్ల కావచ్చు, అసహనం వల్ల కూడా కావచ్చు. దగ్గు తెరలుగా సాగినా, ఊపిరి వేగం పెరిగినా, నోరు తెరిచినా వెంటనే ఆపి, కిటికీ తీసి, పిల్లిని ప్రశాంతంగా వదిలి వైద్యులకు ఫోన్ చేయండి. కొన్ని ఊపిరి గొట్టాలు సాధారణ సెలైన్‌కు కూడా బిగుసుకుంటాయి, ఉబ్బసం ఉన్న పిల్లుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. తొలి రెండు మూడు రోజులు పక్కనుంచి కదలవద్దనేది ఇందుకే.

తుపాను రోజుల్లో కరెంటు పోతుంది. అప్పుడెలా?

కంప్రెసర్ యంత్రం ఇంటి ఇన్వర్టర్ మీద నడుస్తుంది. ఇన్వర్టర్ లేనివారు వానాకాలానికి ముందే బ్యాటరీతో నడిచే మెష్ యంత్రం సమకూర్చుకోవడం మంచిది. సెలైన్ పూట ఒకటి తప్పిపోతే నష్టం లేదు; మందు పూట తప్పితే, మరుసటి పూట రెట్టింపు చేయకుండా వైద్యులను అడగండి.

ఇంట్లో గర్భిణి ఉంది. పొగమంచు ఆమెకు హాని చేస్తుందా?

సెలైన్ హాని చేయదు. మందు కలిపినప్పుడు మాత్రం ఆమె, పసిపిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవారు ఆ గదిలో ఉండకూడదు. కిటికీ తీసి ఉంచండి, పెట్టేవారు మాస్కు వేసుకొని, పూర్తయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

## పూర్తయ్యాక

నెబులైజర్ తీసిన వెంటనే ఏం చేయాలి?

గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన దూదితో ముక్కు, కళ్ల మూలలు తుడవండి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకండి. మాస్కుతో మందు పెట్టి ఉంటే ముఖం మీది తడిని కూడా తుడవాలి, లేదంటే నాకి మింగుతుంది. చిన్న పిల్లికూనలకైతే ఒళ్లు పూర్తిగా ఆరేదాకా పొడి గుడ్డలో వెచ్చగా ఉంచండి, తడిసిన కూన చాలా త్వరగా చల్లబడిపోతుంది. ఛాతీ పక్కల మీద దోసిలిలా వంచిన చేత్తో మెల్లగా తట్టమని వైద్యులు కొందరికి చెబుతారు. వారు చెప్పి, చూపించి ఉంటేనే చేయండి, ఆయాసంగా ఉన్నప్పుడు అసలు చేయకండి.

ఆ తరువాతి పావుగంట తిండి పెట్టడానికి మంచి సమయం. పిల్లి వాసనతోనే తింటుంది కాబట్టి ముళ్లు తీసిన ఉడికిన చేపను గోరువెచ్చగా చేసి పెట్టండి. మన నెల్లూరు వాళ్ల వంటింట్లో చేప అంటే పులుసే గుర్తుకొస్తుంది గాని, పులుసులోని ముక్క కడిగి పెట్టినా అందులో ఉల్లిపాయ, వెల్లుల్లి దిగి ఉంటాయి. అవి పిల్లి ఎర్ర రక్తకణాలను చితికిస్తాయి. ఉప్పూ కారమూ లేకుండా వేరుగా ఉడికించిన ముక్కే పెట్టాలి. ఒక రోజంతా ఏమీ తినకపోతే వైద్యులకు చెప్పండి, రెండు మూడు రోజుల పస్తుతోనే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుపోయే జబ్బు మొదలుకావచ్చు.

కప్పు, మాస్కు ఎలా శుభ్రం చేయాలి? ఫినాయిల్ నీళ్లలో వేయవచ్చా?

ఫినాయిల్, డెటాల్ దరిదాపులకు కూడా రానివ్వకండి. వాటిలోని ఫినాల్ జాతి రసాయనాలు పిల్లులకు విషం. పిల్లి తిరిగే నేలను వాటితో తుడవడం కూడా మానుకోవాలి. ప్రతిసారీ మిగిలిన మందును పారబోసి, కప్పునూ మాస్కునూ గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి, బాగా జాడించి, శుభ్రమైన గుడ్డ మీద గాలికి ఆరబెట్టండి. రోజుకొకసారి ఒక వంతు తెల్ల వెనిగర్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి అందులో అరగంట నానబెట్టి, కాచి చల్లార్చిన నీటితో తొలవండి. గొట్టాన్ని కడగకూడదు, లోపల తేమ కనిపిస్తే కప్పు తీసేసి మోటారును రెండు మూడు నిమిషాలు వట్టిగా నడపండి. ఫిల్టరు రంగు మారితే మార్చండి.

ఇంట్లో ఇంకో పిల్లి ఉంది. దానికీ అంటుకుంటుందా?

వైరస్ రొంప అయితే అంటుకుంటుంది. కాలిసి వైరస్ గిన్నెల మీద, గుడ్డల మీద వారాల తరబడి బతకగలదు. వేరే గది, వేరే గిన్నెలు, వేరే మాస్కు తప్పవు. ముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లి పనులు చూసుకొని, తరువాత జబ్బు పిల్లి దగ్గరికి వెళ్లండి. ఉబ్బసం మాత్రం అంటుకునేది కాదు.

## ఇల్లు, రుతువులు, రానున్న రోజులు

ఎన్ని రోజుల్లో తేడా కనిపిస్తుంది?

సెలైన్ పెట్టిన గంటలోనే ముక్కు కొంత తెరుచుకోవచ్చు. రొంప తగ్గడానికి వారం, పది రోజులు పడుతుంది. మూడు రోజులు సరిగా పెట్టినా ఊపిరి లెక్క తగ్గకపోయినా, చీమిడి పచ్చబడి ఒకే ముక్కురంధ్రం నుంచి కారుతున్నా మళ్లీ చూపించాలి, ముక్కులో గింజో గడ్డో ఉండే అవకాశం కూడా ఉంది.

మందు పెడుతున్నా మళ్లీ మళ్లీ దగ్గు వస్తోంది. ఇంట్లో ఏదైనా కారణమా?

చాలాసార్లు కారణం ఇంట్లోనే ఉంటుంది. పిల్లి ముక్కు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది, దుమ్మూ పొగా నిలిచేది కూడా అక్కడే. సాంబ్రాణి, అగరువత్తులు, దోమల చుట్టలు మొదట మానేయవలసినవి. పూజ గది వేరుగా ఉంటే తలుపు వేసి, పొగ పూర్తిగా పోయాకే పిల్లిని ఆ వైపు రానివ్వండి. భక్తికి లోటు రాకుండానే ఇది సాధ్యమవుతుంది. ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు పిల్లిని దూరపు గదికి పంపండి. మలవిసర్జన తొట్టిలో సన్నని దుమ్ము లేచే మట్టికి బదులు కడిగి ఆరబెట్టిన ముతక ఇసుక వాడవచ్చు.

ఇంటి బయటి సంగతి ఊరిని బట్టి మారుతుంది. చీమకుర్తి చుట్టుపక్కల వారికి గ్రానైట్ క్వారీల దుమ్ము కిటికీ గడప మీద రోజూ కనిపిస్తుంది. అక్కడ నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవడమే మంచిది. కందుకూరు, కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లు మండే నెలల్లో సాయంత్రం కిటికీలు మూసి ఉంచండి. దీపావళి రాత్రికి, భోగి తెల్లవారుజాముకు ముందుగానే పిల్లిని లోపలి గదిలోకి చేర్చండి.

నెబులైజర్‌కు బదులు ఇన్‌హేలర్ వాడవచ్చని విన్నాం, నిజమేనా?

ఉబ్బసానికైతే నిజమే, మాస్కు అమర్చిన స్పేసర్ గొట్టంతో ఇచ్చే ఇన్‌హేలర్ కొన్ని క్షణాల్లో పూర్తవుతుంది. అయితే రోజూ వాడే ఫ్లూటికాసోన్ వంటి స్టెరాయిడ్ పూర్తిగా పనిచేయడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆ లోపు వేరే మందు నడపాలి. చీమిడి గట్టిపడిన ముక్కు రొంపకు ఇన్‌హేలర్ పనికిరాదు.

ఒకసారి తగ్గాక ప్రతి చలికాలం ఎందుకు తిరగబెడుతోంది? టీకా వేయిస్తే రాదా?

హెర్పిస్ వైరస్ ఒకసారి పట్టిన పిల్లుల్లో చాలావాటికి అది జీవితాంతం నరాల్లో దాగి ఉంటుంది. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, ప్రయాణం, మరో జబ్బు వంటి ఒత్తిడి కలిగినప్పుడు మేల్కొంటుంది. మూడు వైరస్‌ల టీకా జబ్బు తీవ్రతను బాగా తగ్గిస్తుంది గాని రొంపను పూర్తిగా ఆపలేదు. ఆ టీకాలోనే ఉన్న పాన్‌ల్యూకోపీనియా (పిల్లులకు ప్రాణాంతకమైన వైరస్ జబ్బు) రక్షణ కోసమైనా తప్పక వేయించండి.

సంక్రాంతికి ఊరికి వెళ్లాలి. నెబులైజర్ మీద ఉన్న పిల్లిని తీసుకువెళ్లాలా, ఎవరికైనా అప్పగించాలా?

అప్పగించగల మనిషి ఉంటే ఇంట్లోనే ఉంచండి. ప్రయాణపు బెదురు, ఊరిలో భోగి పొగ, కొత్త ఇల్లు మూడూ ఒకేసారి పడతాయి. వెళ్లడానికి వారం ముందు నుంచే ఆ మనిషి చేత మీ ఎదుటనే నెబులైజర్ పెట్టించండి, పిల్లికి ఆ చెయ్యి తెలియాలి. మేం వెళ్లినప్పుడు పక్కింటి పిన్నిగారు పూటకొకసారి వచ్చి బుజ్జికి పెడతారు. పూటకు సరిపడే రెస్ప్యూళ్లు విడివిడిగా కవర్లలో పెట్టి, వాటి మీద తేదీ రాసి ఫ్రిజ్ పైన ఉంచుతాను. ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం మీద మొదటి వరుసలో బుజ్జి నిద్రలో ఊపిరి నిమిషానికి 22 అనీ, దాని కింద వైద్యుల ఫోన్ నంబరూ రాసి, అంకె 40 దాటితే నాకు ఫోన్ చేయడానికి ముందే వారికి చేయమని పిన్నిగారికి చదివి వినిపించి మరీ బయలుదేరతాను.